స్వామి ఉన్నన్నాళ్ళు

మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళుంటారు. ఇద్దరికీ ఒకే చొక్కా సరిపోతుంది, ఇద్దరూ ఒకే బండి నడుపుతారు, ఇద్దరినీ కన్నది మా అత్తమ్మ పద్మమ్మే. ఒకాయన కార్తీకంలో వస్తాడు, చలి తగ్గకముందే వెళ్ళిపోతాడు. ఆయన్ని స్వామి అంటాం. మిగతా ఏడాదంతా ఉండేవాడి పేరు హరికిషన్. నేను పెళ్ళి చేసుకున్నది హరికిషన్‌ని.

అయ్యప్ప మాల వేసుకున్న ఇల్లు ఎట్లా ఉంటుందో సిద్దిపేటలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అయినా చెప్తాను, నా బాధంతా అందులోనే ఉంది కాబట్టి. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, నేలమీద చాప. ఉల్లిగడ్డ మా గడప తొక్కదు, మందు వాసన వీధిలోకి కూడా రాదు. ఎదురైన ప్రతి ప్రాణినీ స్వామి అనే పిలవాలి, అందరిలో ఉన్నది ఒక్కడే కాబట్టి. కూరగాయలమ్మే ఆమె స్వామి, కరెంటు బిల్లు కొట్టేవాడు స్వామి, గేటు దగ్గర పడుకునే కుక్క కూడా స్వామే. నేనూ స్వామినే. మొదటి ఏడాది మాల వేసుకున్నప్పుడు "స్వామీ, కొన్ని మంచినీళ్ళిస్తరా" అని అతను అడిగితే, ఎవర్ని అడుగుతున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను.

హరికిషన్‌కు మెదక్ రోడ్డులో మోటారు వైండింగ్ దుకాణం ఉంది. కొండపాక నుంచీ మిరుదొడ్డి నుంచీ రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి పడేస్తారు. రాగితీగ చుట్టడంలో అతని చెయ్యి మంచిదని అందరూ అంటారు. ఆ చెయ్యే సాయంత్రమయ్యాక ఇంటికొచ్చి ఏం చేస్తుందో నాకు తెలుసు, అత్తమ్మకు తెలుసు, పక్కింటివాళ్ళకు గోడలోంచి తెలుసు. పోయిన ఎండాకాలం తగిలిన దెబ్బకు నా ఎడమ చెవిలో ఇప్పటికీ సన్నగా ఏదో కూస్తూ ఉంటుంది. ఫోను కుడిచెవికే పెట్టుకుంటాను.

ఏటేటా ఇదే వరస. ఇరుముడి నెత్తిన పెట్టుకుని స్వామి కొండకు బయలుదేరుతాడు. బయలుదేరేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు, అది ఆచారం. కొండ దిగి వచ్చాక అత్తమ్మ దేవుడి పటం ముందు కూర్చోబెట్టి మెడలో మాల తీస్తుంది. ఆ సాయంత్రానికే హరికిషన్ తిరిగొస్తాడు, ఎన్నాళ్ళ దాహమో తీర్చుకుని. మా పాప శ్రీనిధి ఇప్పుడు మూడో తరగతి. ఆ పిల్లకు స్వామి వేరు, డాడీ వేరు. స్వామి ఒళ్ళో కూర్చుని లెక్కలు చేయించుకుంటుంది. ఈసారి ఒకరోజు నా దగ్గరికొచ్చి, డాడీ ఈ సంవత్సరం రాకుండా ఉంటే కుదరదా అని అడిగింది. 

కొండకు పోవడానికి వారం ముందు మా ఇంట్లో పడిపూజ పెట్టుకున్నాం. రాంచందర్ గురుస్వామి వచ్చాడు. బజార్లో ఆయనకు సిమెంటు దుకాణం, మాట మెత్తన. భజన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, కొండ మీద గుడి ముందు రాసి ఉన్న 'తత్త్వమసి' గురించి చెప్పాడు. నువ్వు వెతుక్కుంటూ పోయే ఆ దేవుడు నువ్వేనని దానర్థమట. మా ఇల్లు కాబట్టి మోటారునే ఉదాహరణ తీసుకున్నాడు. ఫ్యానులో, బల్బులో, బోరు మోటారులో ఉండేది ఒకటే కరెంటు. మోటారు కాలుతుంది కాని కరెంటు కాలదు. కాలిపోయే పేరూ రూపమూ నేననుకోవడమే మాయ, అదే చెర.

నేను ప్రసాదం పంచుతున్నాను. నా నోరు ఊరికే ఉండదు.

"కరెంటు మంచిదే స్వామీ. మరి షాక్ కొట్టేది ఎవరు?" అన్నాను.

అందరూ నవ్వారు. మా స్వామి ఒక్కడే నవ్వలేదు. గురుస్వామి కూడా నవ్వి, అది దేహం చేసేది, మనసు చేసేది, లోపలున్నవాడికి ఏదీ అంటదు అని చెప్పాడు. లోపలున్నవాడికి అంటకపోతే సంతోషమే. నా చెవికి అంటింది. ఆ మాట మాత్రం పైకి అనలేదు, గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను.

అప్పటికే నా బట్టల సంచి బియ్యం డ్రమ్ములో ఉంది, బియ్యం మీద కవరు కప్పి దాని మీద పెట్టాను. కరీంనగర్‌లో మా అక్క మనీష ఒక బట్టల షోరూములో పనిచేస్తుంది. నాకూ అక్కడే మాట్లాడి పెట్టింది. ఇంతకుముందు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ అతను తెల్లారేసరికి అక్క ఇంటి ముందు ఉన్నాడు, అందరి ముందూ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు, ఇంటికి తెచ్చాక మాత్రం ఏడ్చింది నేను. అందుకే ఈసారి అతను కొండకు పోయి వచ్చేలోపల అతనికి తెలియని జాగలో గది కిరాయికి తీసుకుని కుదురుకోవాలి. ఏడాదిలో నాకు దొరికే సందు ఆ కాసిని రోజులే.

చెప్పినంత తేలిక కాదు. పొద్దున్నే లేచేసరికి స్వామి వాకిలి ఊడ్చి ఉంచుతాడు. తన బట్టలు తనే ఉతుక్కుంటాడు. నాకు జ్వరమొస్తే పాపకు జడ వేశాడు, వంకరగా. ఇంత మంచివాణ్ణి మోసం చేసి పోతున్నానా అని నా మీద నాకే కోపం వస్తుంది. వెంటనే చెవిలో కూత వినబడుతుంది. మాల రోజుల్లో వీధిలో ఆడవాళ్ళు నా అదృష్టం చూసి కుళ్ళుకుంటారు. ఉంటే హరికిషన్ చేతిలో పడతాను, పోతే స్వామిని విడిచిపెట్టినదాన్నవుతాను. ఎటు తిరిగినా గోడే.

ఇరుముడి ఇంకో మూడు నాలుగు రోజులుందనగా పొద్దున కొండవ్వ చిన్నత్తమ్మ ఫోన్ చేసింది, మిరుదొడ్డి నుంచి. ఆమె భర్త దుబ్బయ్య మామ, ఎప్పుడో కాలం చేసిన మా మామయ్యకు సొంత తమ్ముడు, నిద్రలోనే పోయాడట. ఏడుస్తూనే నాకు జాగ్రత్త చెప్పింది.

"హరికి చెప్పకు బిడ్డా. మాలల ఉన్నడు. చెవుల వడితేనే మైల, వడకుంటే లేదు. కొండకు పోయొచ్చినంక చెప్దురు."

దాయాది పోతే మాల తీసేయాలి. దానికి తిరుగులేదు. కాని చావు కబురు వినేదాకా మైల పట్టదని మావాళ్ళ లెక్క. తెలియనివాడికి చావే జరగలేదు. అందుకే మాలలో ఉన్నవాళ్ళ చుట్టూ చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ కలిసి గోడ కడతారు. ఇది మా దగ్గర కొత్త కాదు. నా భయం వేరు. ఈ కబురు అతని చెవిన పడిందంటే ఇవ్వాళే మాల తీస్తాడు, కొండకు పోడు, స్వామి పోతాడు, నా సందు మూసుకుంటుంది.

దుబ్బయ్య మామను ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. హరికిషన్ చెయ్యి లేచినప్పుడు ఆ చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి మా రెండు వైపుల చుట్టాల్లో ఆయన ఒక్కడే. ఆయన ముఖం చివరిసారి చూడాలని ఎంతగా అనిపించిందో. కాని నేను కదిలితే ఎక్కడికని స్వామి అడుగుతాడు. వంటింట్లోకి పోయి భిక్షకు పాయసం కలిపాను.

అత్తమ్మకు చెప్పాను. ఆమె చేతిలో చాట అలాగే ఉండిపోయింది. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు దుబ్బయ్య మామ బడికి పోయే పిల్లవాడు, ఆమె చేతి అన్నం తిని పెరిగాడు. ఇంట్లో ఉల్లిగడ్డ ఉన్నా కోస్తూ ఏడ్చేది. అదీ లేదు. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు గోడకేసి నిలబడింది.

"మనం పోకుంటే ఎట్లత్తమ్మా?" అని అడిగాను.

"నాకింక నాలుగు దినాలు నా కొడుకు కావాలె," అన్నది. "తర్వాత ఏడ్సుకుంట."

ఆ మధ్యాహ్నం స్వామి దుకాణం నుంచి వచ్చి భిక్షకు కూర్చున్నాడు. అత్తమ్మ వడ్డించింది, నేను నీళ్ళు పెట్టాను. పాయసం బాగుంది స్వామీ అన్నాడు. మిరుదొడ్డిలో అదే సమయానికి దుబ్బయ్య మామను తీసుకుపోతున్నారు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూడకుండా అరిటాకులు తీశాం. ఇద్దరం చేతనైనంత బాగా నటించామనే అనుకున్నాను.

ఇరుముడికి ముందురోజు పొద్దున మేడ మీద అతను నల్లబట్టలు ఆరేస్తున్నాడు. నేను వడియాలు ఎండబెట్టడానికి పోయాను. అతను లుంగీ దులిపి తీగ మీద వేసి, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"చిన్నాయిన పోయిండు గద స్వామీ."

నా చేతిలో పళ్ళెం జారింది. మిరుదొడ్డి రైతు ఒకతను మోటారు దింపుతూ దహనం రోజే చెప్పాడట. ఈయన మాలలో ఉన్నాడని చూడకుండానే నోరు జారాడట. ఇంకా చెప్పబోతుంటే ఈయన పోయి బాగుచేసిన మోటారు ఒకటి స్విచ్ వేశాడట, ఆ చప్పుడులో తర్వాతి మాటలు వినబడకుండా. ఆ తర్వాత ఇంటికొచ్చి పాయసం తిన్నాడు. అంటే నటించింది మేమిద్దరమే కాదు. ఇంటిల్లిపాదీ ఒక చావును లేదనుకుంటూ తిరుగుతున్నాం.

మరి మాల ఎందుకు తీయలేదని అడిగాను.

"తీస్తే వాడొస్తడు స్వామీ. నాకు వాడంటే భయమైతది." లుంగీ కొస సరిచేస్తూ ఉన్నాడు. "బియ్యం డ్రమ్ముల సంచి నాకెరుకే. నేను కొండకు పోంగనే మీరు పాపను తీస్కోని పోండ్రి. వాడొచ్చేసరికి ఇంట్ల ఉండకుండ్రి."

ముందు నా కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళలో నా వైపు నిలబడి ఎవరూ అనని మాట అది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎందుకో అప్పుడు తెలియలేదు, మాట్లాడుతుంటే తెలిసింది.

"వాడు ఎవడు?" అన్నాను.

అతను ఇంకో బట్ట తీసి దులపబోయాడు.

"గుడి ముందట రాసుంటదట గద, అది నువ్వే అని. దేవుడైతే నువ్వు, కొట్టేటోడైతే ఇంకెవడో. గట్లెట్ల కుదురుతది? వాడు గూడ నువ్వే. నన్ను కొట్టింది నువ్వు. 'నేను కొట్టిన' అని ఒక్కసారి అను. నన్ను స్వామి అనకుండ అను."

అతని పెదవులు కదిలాయి. "వాడు," అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే మెడలోకి పోయి మాలను గట్టిగా పట్టుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఆ చెయ్యి చూశాక నాకు అర్థమైంది, చెరలో ఉన్నది నేనొక్కదాన్నే కాదని. కాని జాలిపడే ఓపిక నాకు లేదు. కిందపడ్డ వడియాలు ఏరుకుని దిగి వచ్చాను.

మర్నాడు పొద్దున గుడిలో ఇరుముడి కట్టారు. కొబ్బరికాయల్లో నెయ్యి పోస్తున్నారు, శరణుఘోషతో మండపం దద్దరిల్లుతోంది, బయట బస్సు సిద్ధంగా ఉంది. నాకు వినబడుతున్నది మాత్రం నా లెక్కే. బస్సు కదిలిన గంటలో మేము కరీంనగర్ బస్సులో ఉండాలి. స్వామి తన వంతుకు కూర్చున్నాడు. గురుస్వామి అతని ముడిసంచి తెరిచి పట్టుకుని, ఇంటివాళ్ళు బియ్యం వేయాలన్నాడు. అత్తమ్మ వేసింది. తర్వాత నేను పాప చేత్తో కలిపి గుప్పెడు బియ్యం పట్టుకుని వంగాను.

అతను సంచి మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వెయ్యకు సిందూ. నాకు మైలున్నది."

మాలలో ఉండగా అతని నోట నా పేరు రావడం అదే మొదటిసారి. భజన ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. చిన్నాయిన పోయాడని, తనకు ఆ రోజే తెలిసిందని, దాచానని చెప్పాడు. గురుస్వామి ముఖం వాడిపోయింది. బస్సులో అందరూ ఎదురుచూస్తున్నారు, ఇన్నాళ్ళ నిష్ఠ బూడిదలో పోసినట్టవుతుంది. ఆయన అతని చెవి దగ్గరికి వంగాడు, నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"నువ్వు అనకపోతే ఎవరికి తెలుస్తది స్వామీ? మేం ఇననే లేదనుకుంటం. కూసో."

"నాకెరుకే గద," అన్నాడు హరికిషన్.

అత్తమ్మే మాల తీయాల్సి వచ్చింది. పూస అతని జుట్టులో చిక్కుకుంది. తీసీ తీయగానే అక్కడే కూలబడి, దుబ్బయ్యా అని గుండెలవిసేలా ఏడ్చింది. మూడు రోజులు మింగిన ఏడుపు అది. గుళ్ళో ఉన్నవాళ్ళంతా తప్పుకుని దూరంగా నిలబడ్డారు. అటునుంచే ఆటో మాట్లాడుకుని ఆమె మిరుదొడ్డి వెళ్ళిపోయింది. బస్సు అతను లేకుండానే కదిలింది.

నేనూ పాపా అతనూ ఇంటికొచ్చాం. అతను స్నానం చేసి, బీరువా అడుగు నుంచి పాత ప్యాంటూ చొక్కా తీసి వేసుకున్నాడు. ఆ చొక్కా నాకు తెలుసు. పాప దాన్ని చూడగానే మంచం వెనక్కి పోయి కూర్చుంది. అత్తమ్మ ఇంట్లో లేదు. చెయ్యి పట్టుకుని ఆపే దుబ్బయ్య మామ అసలే లేడు. నా సందు మూసుకుపోయింది, మూసిన చెయ్యి అతనిదే, అదీ నిజం చెప్పి. గుళ్ళో ఆ మాట విన్నప్పుడు కలిగిన గౌరవం ఇంట్లోకి వచ్చేసరికి భయమై కూర్చుంది.

అతను పోయి గడప మీద కూర్చున్నాడు. గడప మీద కూర్చోకూడదంటారు, మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క తలుపే. వీపు మాకు, ముఖం వీధికి. మధ్యాహ్నం దాటింది. మందు దుకాణం మా సందు చివరే, తెరిచే ఉంటుంది. లేచి అటు పోతాడా, లేచి ఇటొస్తాడా అని చూస్తూ నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కాళ్ళు తిమ్మిరెక్కినా కూర్చోలేదు. అతనూ కదలలేదు. ఎంతసేపయిందో, ఎండ గడప దాటి లోపలికి వచ్చింది.

"సిందూ," అన్నాడు, తిరగకుండానే. "నేను కొట్టిన. వాడు గాదు. తాగి గూడ కాదు, తాగక ముందుగాలే కొట్టాలనిపించేది, అందుకే తాగేటోన్ని. నేనే కొట్టిన."

 ఏళ్ళ తరబడి నేను ఎదురుచూసిన మాట అదే. వింటే సంతోషమేస్తుందని అనుకున్నాను. సంతోషం కాదు, ఏడుపూ కాదు. ఇన్నాళ్ళకు ఆ ఇంట్లో ఎదురుగా ఒక మనిషి కనబడ్డాడు, ఆ మనిషి నన్ను కొట్టినవాడు. ఆ మనిషితో ఒక్క పూట కూడా ఉండలేనని అప్పుడే నాకు తేటగా తెలిసింది. స్వామి పొమ్మంటే పోవడం దొంగతనంలా ఉండేది. ఇప్పుడు దాచుకోవాల్సిన పని లేదు.

బియ్యం డ్రమ్ము మూత తీశాను. అది పెద్ద చప్పుడు చేస్తుంది, అతనికి వినబడే ఉంటుంది. సంచి భుజానికి తగిలించుకుని, మంచం వెనక నుంచి పాపను లేపి, గడప దాకా పోయి నిలబడ్డాను. అతను లేస్తాడో లేదో నాకు తెలియదు. పాప గోళ్ళు నా అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

"జరుగు," అన్నాను.

అతను లేచాడు. గేటు దాకా పోయి, తలుపు తీసి పట్టుకుని, గోడకు ఆనుకుని దారి ఇచ్చాడు. ఎక్కడికని అడగలేదు. మేము పక్కనుంచి దాటుతుంటే మాత్రం మెల్లగా అడిగాడు.

"మళ్లెప్పుడొస్తవ్?"

పోయొస్త అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంట్లోంచి అడుగు బయటపెట్టినప్పుడల్లా అనడం అలవాటైన మాట. కొండకు పోయేవాళ్ళు ఆ మాట అనరు. నేనూ అనలేదు, వెనక్కి తిరిగి చూడలేదు.

సందు మలుపులో పాప చూసింది. గేటు దగ్గర నిలబడ్డది స్వామా, డాడీయా అని అడిగింది.

"ఇద్దరు లేరే," అన్నాను. "ఒక్కడే."